ఇస్త్రీ చేసిన జవాబులు

ఆవిడ రుమైథియాలో ఓ కువైటీ ఇంట్లో పనిచేసేది. అమెరికాలోని ఓ క్రైస్తవ విశ్వవిద్యాలయం వాళ్ల రెండేళ్ల డిగ్రీకి పోస్టులో సాంఘికశాస్త్రాలు చదివేది. ఆఖరి పరీక్షకి ఫహాహీల్‌లోని మా ఇల్లే కేంద్రం, నేనే కాపలా. ప్రశ్నపత్రం సీలు కవరు వచ్చిన రోజునుంచి మా ఆవిడతో కూడా గుసగుసగానే మాట్లాడాను.

ప్రతి జవాబుకీ ముందు ఆవిడ కాగితాన్ని అరచేత్తో మూలలదాకా ఇస్త్రీ చేసినట్టు నిమిరేది. ఈగ వాలితే జారి కాలు విరగ్గొట్టుకునేంత నున్నగా.

ఇంకో గంట ఉందనగా, నా ముందు పెట్టిన ఆవిడ ఫోను మోగింది. యజమానురాలు. ఆగి మళ్లీ మోగింది. మూడోసారికి మా భవనం పునాదులు కదిలాయి.

"నన్నెత్తమంటావా చెల్లెమ్మా?"

"వద్దండి అన్నయ్యగారూ. మగగొంతు వినపడితే ఉద్యోగం పోద్ది. నేనెత్తితే రూలు ప్రకారం పరీక్ష పోద్ది. మోగనియ్యండి." తలెత్తకుండానే కొత్త కాగితం నిమిరింది.

పదకొండుసార్లు మోగింది. నా చెమటకి గల్ఫ్ సముద్రం జానెడు పెరిగింది. ఆవిడ చివరి జవాబు ముగించి, నేను కవరు అంటించాకే మామాకి, అంటే ఆ యజమానురాలికి, ఫోను చేసింది. అరబ్బీ తిట్లు గదంతా నిండాయి. "హాజిర్ మామా, హాజిర్" అని, వచ్చేస్తున్నానంటూనే చెప్పులేసుకుంది.

"ఉద్యోగం పోయినట్టేనా?" అన్నాను.

"లేదండి. ఇంతసేపు తిట్టిందంటే ఉంచుకుంటాదండి. తీసేసేవాళ్లు తిట్టరు, ఇండియాకి విమానం టిక్కెట్టు చేతిలో పెడతారు. ఇంతకుముందు చేసిన ఇంటి మామా నవ్వుతానే పెట్టింది."