బాపుతో భూపాలపల్లి దాకా

శనివారం పొద్దున ఆరున్నరకు జనగామలో మా ఇంటి ముందు ఆటో ఆగేసరికి నేను సంచులను మూడుసార్లు లెక్కపెట్టుకున్నాను. సంచులు నాలుగు, మనుషులం ఐదుగురం. నన్ను కన్న బాపు, అవ్వ, మూడో తరగతి చదివే నా కూతురు అక్షర, నాలుగేళ్ల కొడుకు విక్కీ, నేను. నా భార్య సునీత దవాఖానలో నర్సు. ఆ రెండు రోజులు డ్యూటీ మార్చుకోవడం కుదరలేదు. ఆటో కదలబోతుంటే నా దగ్గరికి వంగి, "బాపును జర చూసుకో" అంది. పిల్లల మాట ఎత్తలేదు. ఆ సంగతి నేనప్పుడు పట్టించుకోలేదు.

మా ప్రయాణానికి రెండు కారణాలు. మహబూబాబాద్‌లో మా అక్క కూతురికి కొడుకు పుట్టాడు, ఆ రోజు తొట్టెల, పిల్లాణ్ణి ఉయ్యాలలో వేసే వేడుక. అవ్వ ముని మనవణ్ణి చూడాలని పది రోజులుగా తొందర పెడుతోంది. రెండోది బాపు కోరిక. భూపాలపల్లి బొగ్గుబాయిలో తనతో ఇరవై ఏళ్లు పనిచేసిన కొమురయ్యను చూడాలట. ఎందుకిప్పుడు అని అడిగితే, "చూడబుద్ధయితుంది. మీరెవ్వరు రాకుండ్రి, నేనొక్కన్నే పోత" అన్నాడు.

ఒక్కణ్ణి పంపే ధైర్యం నాకు లేదు. రెండు వారాల కిందటి దాకా విక్కీని మధ్యాహ్నం పన్నెండున్నరకు బడి నుంచి తీసుకొచ్చేది బాపే. ఒక రోజు ఆయన వట్టి చేతులతో ఇంటికి వచ్చి, అన్నం తిని పడుకున్నాడు. అవ్వ మోకాలికి సూది వేయించుకోవడానికి వెళ్లింది. విక్కీ రెండున్నర దాకా బడి ఆయా పక్కన కూర్చున్నాడు. బడి నుంచి ఫోన్ వస్తే పోస్టాఫీసులో కౌంటర్ వదిలేసి పరుగెత్తాను. ఆ సాయంత్రం బాపుతో, "పోరణ్ణి మర్చిపోయేటోడు ఇంట్ల ఉండి ఏం ఫాయిదా?" అన్నాను. మర్నాడే విక్కీకి బడి ఆటో మాట్లాడాను. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య మాటలు 'తిన్నవా, గోలి ఏసుకున్నవా' దగ్గరే ఆగిపోయాయి.

ఏడు దాటాక వచ్చిన రైల్లో నాలుగు సీట్లు దొరికాయి. విక్కీ తాత ఒళ్లో కూర్చున్నాడు. ఘనపూర్ స్టేషన్ రాగానే బాపు కిటికీలోంచి వేలు చూపించి, "జఫర్‌గఢ్ బస్సు గీ ఊరి నుంచే ఎక్కుతుంటిమి, మనూరికి పోవాల్నంటే" అని విక్కీతో చెప్పాడు. కాజీపేట దాటాక ఎదురుగా జామపండ్ల గంపతో ఒకామె కూర్చుంది. అవ్వ మోకాలు పట్టుకోవడం చూసి, "మోకాళ్లా అవ్వా? నాకు నడుం. గంప దించుతె నొప్పి, ఎత్తుతె నొప్పి" అంటూ పిల్లలకు చెరో పండు ఇచ్చింది. అవ్వ, ఆమె నెక్కొండ దాకా నొప్పుల గురించి హాయిగా మాట్లాడుకున్నారు. నేను మాత్రం స్టేషన్ స్టేషన్‌కు గడియారం చూసుకుంటూ, రైలు ఆగినప్పుడల్లా లేచి, తలుపు దగ్గరికి పోతున్న అక్షరను వెనక్కి పిలుస్తూ, ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేదు.

తొమ్మిదిన్నరకు మహబూబాబాద్‌లో దిగాం. తొట్టెల బాగా జరిగింది. అవ్వ ముని మనవణ్ణి ఒళ్లో పెట్టుకొని పాట పాడింది. బాపు ఒక మూల కుర్చీలో కూర్చుని, వచ్చిన వాళ్లందరికీ నవ్వుతూ తలూపాడు, కానీ ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. అవ్వను వారం రోజులు అక్క దగ్గరే ఉంచాలనుకున్నాం. "పిల్లలను గూడ ఇడ్సిపెట్టి పోరాదుర, ఆ బస్సుల్ల ఏం తిప్పుతవ్?" అంది అక్క. విక్కీ తాత ధోవతి అంచు వదలలేదు. వాడొస్తే తానూ వస్తానంది అక్షర.

భూపాలపల్లికి రైలు లేదు. మహబూబాబాద్ నుంచి వెళ్లేవారు వరంగల్ దాకా రైల్లో వచ్చి, హన్మకొండలో పరకాల మీదుగా పోయే బస్సు ఎక్కడం మేలు. ఆదివారం పొద్దున మిగతా సంచులు అవ్వ దగ్గరే వదిలి, ఒక్క సంచితో మేమూ అలాగే వెళ్లాం. తొమ్మిదింటికల్లా వరంగల్‌లో దిగి, ఆటోలో హన్మకొండ బస్టాండు చేరి, ఇడ్లీ తిని, పది గంటలకు బస్సెక్కాం. బస్సు కిటకిటలాడుతోంది. బాపుకు మధ్యలో ఒక సీటు దొరికింది. ఆడపిల్ల కాబట్టి అక్షరకు ఉచిత ప్రయాణం, జీరో టికెట్టు. దాన్ని పుస్తకంలో దాచుకుంటానని జాగ్రత్తగా మడిచి పెట్టుకుంది. నేను విక్కీని ఎత్తుకొని డ్రైవర్ వెనక నిలబడ్డాను. దారంతా రెండు వైపులా పత్తి చేలు తెల్లగా విచ్చుకొని ఉన్నాయి.

పదకొండుంబావుకు పరకాల. పది నిమిషాలు ఆగుతుందని కండక్టరమ్మ చెప్పింది. పిల్లలిద్దరినీ దించి బాత్రూముల వైపు తీసుకెళ్లాను. అక్షర ఆడవాళ్ల వైపు పోయింది. విక్కీ పని అయ్యేసరికి అక్క ఫోన్ చేసింది. అవ్వ బీపీ గోలీలు ఏ డబ్బాలో ఉన్నాయని అడిగింది. నీలం డబ్బా అన్నాను. నీలం డబ్బాలు రెండున్నాయంది. మాట్లాడుతుండగానే బస్సు హారన్ కొట్టింది. విక్కీని భుజాన వేసుకొని ముందు తలుపు నుంచి ఎక్కేశాను. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. అక్షర వెనక తలుపు నుంచి ఎక్కి తాత దగ్గరికి పోయి ఉంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, అనుకోను కూడా లేదు.

బస్సు ఊరు దాటింది. గోలీల సంగతి తేలింది. అప్పుడు జనం మధ్యలోంచి బాపు గొంతు వినపడింది.

"శ్రీనూ! పోరి ఏదిరా?"

"నీ కాడ లేదా?"

"నా కాడికి రాలే!"

ఆ తర్వాత నేనేం అరిచానో నాకు గుర్తు లేదు. కండక్టరమ్మ విజిల్ వేసింది. బస్సు రోడ్డు పక్కన ఆగింది. "పిల్లను దించి మర్చిపోయినవా? గా ఫోను చెవుల వెట్టుకుంటే గంతే" అని ఒక ముసలామె గట్టిగా అంది. నేను దిగేసరికే బాపు సంచితో సహా దిగి, ఎదురుగా వస్తున్న ఆటోకు అడ్డంగా రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. "బస్టాండుకు పోనీ బిడ్డా, పిల్ల ఒక్కతె ఉంది" అన్నాడు. ఆటోలో ఉన్న ఇద్దరు మగవాళ్లు వెంటనే దిగి మాకు చోటిచ్చారు. వెనక్కి వెళ్లడానికి ఐదారు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ ఐదారు నిమిషాలలో నేను ఆలోచించనిది లేదు.

అక్షర బస్టాండులో స్తంభాన్ని ఆనుకొని నిలబడి ఉంది. పక్కన బాత్రూముల దగ్గర కూర్చునే ఆమె దాని చెయ్యి పట్టుకొని ఉంది. "డాడీ ఫోన్ నంబర్ చెప్పింది, రెండుసార్లు కొట్టిన, బిజీ అని వచ్చింది" అందామె నాతో. అప్పటిదాకా ఏడవని అక్షర నన్ను చూడగానే ఏడుపందుకుంది.

"నేను బయటికొచ్చేసరికి నువ్వు లేవు. బస్సు గూడ లేదు."

బాపు కింద కూర్చొని తువ్వాలతో దాని మొహం తుడిచాడు. "వచ్చినం గద బిడ్డా. ఏం కాలే, ఏం కాలే" అన్నాడు. ఆ తర్వాత లేచి, హోటల్ దగ్గరికి వెళ్లి, టీ తెచ్చి నా చేతికిచ్చాడు. "తాగు" అన్నాడు.

ఆయన ఇప్పుడైనా ఆ మాట అంటాడని ఎదురుచూశాను. నేను ఆయనను అన్న మాటే తిరిగి నన్ను అనే హక్కు ఆయనకుంది. అనలేదు. విక్కీకి బిస్కెట్ చింపి ఇస్తూ నిలబడ్డాడు.

పన్నెండున్నరకు ఇంకో బస్సు దొరికింది. ఈసారి వెనక పొడుగు సీట్లో నలుగురం కలిసి కూర్చున్నాం. అక్షర చెయ్యి నేను వదల్లేదు. రేగొండ దాటాక, "బాపూ, ఆ రోజు నేనన్న మాట" అని మొదలుపెట్టాను.

"గా మాట ఇడ్సిపెట్టు" అన్నాడు. మళ్లీ ఆయనే అందుకున్నాడు. "నువ్వు ఫోన్ల వడి మర్చిపోయినవ్. గట్ల ఎవ్వలన్న మర్చిపోతరు. నాది గట్ల కాదురా. ఆ దినం నేను బడి దాక పోయిన. గేటు కాడ నిలబడ్డ. పోరగాండ్లు ఒక్కొక్కలు పోతున్నరు. నేనెందుకొచ్చిన్నో యాదికి రాలే. మనోడు లోపట్నే ఉన్నడు. నేను మర్లి ఇంటికొచ్చిన."

బస్సు గతుకుల్లో పడి లేచింది.

"చెప్పకపోయినవా బాపూ?"

"ఏమని చెప్పాలె? మొన్న రెండు దినాలు కొమురయ్య పేరు యాదికి రాలే. మనిషి కండ్ల ముందటనే ఉన్నడు, పేరు వస్తలేదు. మస్తు పరేషానైన. ఇగ మనిషే యాదికి రాకుంట అయితే? గందుకే, ఎరుకున్నప్పుడే ఒకపారి చూసి రావాల్నని."

కిటికీ దగ్గర కూర్చున్న అక్షర ఇటు తిరిగి, "తాతకు మన గల్లీ గూడ ఒక్కోసారి యాదికుండదు డాడీ. నేను చూపిస్త. నీకు చెప్పొద్దన్నడు" అంది.

బాపు దాని వైపు చూసి, దొరికిపోయినవాడిలా నవ్వాడు.

ఒకటిన్నరకు భూపాలపల్లి చేరాం. కొమురయ్య ఇల్లు కార్మికుల కాలనీ చివర ఉంది. బాపు దారి అడగకుండానే రెండు మలుపులు తిరిగాడు, మూడో దగ్గర ఆగి నా వైపు చూశాడు. నేను ఒక కిరాణా కొట్టులో అడిగాను. ఇంటి ముందు నులక మంచం మీద సన్నగా, ఎండిపోయినట్టున్న మనిషి దిండ్లకు ఆనుకొని కూర్చున్నాడు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని ముందే విన్నాను. బాపు గేటు దగ్గరే నిలబడిపోయాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. నేను పేరు అందిద్దామని నోరు తెరిచి ఆగిపోయాను.

"కొమురిగా!" అని కేకేశాడు బాపు. కాలనీ అంతా వినపడేలా.

"అబ్బో, గీ గొంతు నాకెరుకే" అంటూ ఆయన లేవబోయి, దగ్గు వచ్చి కూర్చుండిపోయాడు.

వాళ్లింట్లో కోడికూరతో అన్నం తిన్నాం. కొమురయ్య భార్య విక్కీకి తానే ముద్దలు పెట్టింది. ఆ ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చొని మాట్లాడుకుంటూనే ఉన్నారు. "వీడు అప్పుడే గంత మరుపోడు. సైకిల్ బాయి కాడ ఇడ్సిపెట్టి ఇంటికి నడుసుకుంట వచ్చేటోడు" అని కొమురయ్య నాతో చెప్పి నవ్వాడు. బాపు నవ్వలేదు. తనకేం అవుతోందో దాచకుండా చెప్పాడు. కొమురయ్య బాపు మోకాలి మీద చెయ్యి వేసి, "నాకు ఊపిరి అందుతలేదు, నీకు పేర్లు అందుతలేవు. ఇద్దరం సరిపోయినం పో" అన్నాడు. అప్పుడు ఇద్దరూ నవ్వారు. కొమురయ్యకు మళ్లీ దగ్గు వచ్చింది, బాపు వీపు నిమిరాడు.

నాలుగింటికి లేచాం. "మళ్ల రావాలె" అన్నాడు కొమురయ్య.

"వస్త. నేను గుర్తువట్టకుంటే నువ్వే గుర్తువట్టు" అన్నాడు బాపు.

నాలుగుంబావు బస్సు ఆరున్నరకు హన్మకొండలో దించింది. జనగామ బస్సు కోసం నిలబడి అవ్వకు ఫోన్ చేశాను. పరకాల సంగతి చెప్పాను, తిట్లు తిన్నాను. బాపు చెప్పింది కూడా మెల్లగా చెప్పాను, ఆమె ఎట్లా తట్టుకుంటుందోనని భయపడుతూ.

"నాకు ఏడాది సంది ఎరుకే" అంది అవ్వ. "సునీత గూడ కనిపెట్టింది. నీకు చెప్తే ఆగమైతవని చెప్పలే. ఆయననే చెప్పిండు గద, ఇగ మంచిదే."

జనగామ బస్సులో పిల్లలిద్దరూ నిద్రపోయారు. ఐదుగురి బరువూ నేనే మోస్తున్నానని రెండు రోజులుగా అనుకుంటున్నాను, నిజానికి కొన్నేళ్లుగా అనుకుంటున్నాను. కానీ మా ఇంట్లో అందరికంటే చివర తెలుసుకున్నది నేనే. మిగతావాళ్లు, ఎనిమిదేళ్ల పిల్లతో సహా, ఎవరికి వీలైనట్టు వాళ్లు బాపును కాచుకుంటూ వస్తున్నారు. నన్ను కూడా కాచుకుంటున్నారు. సిగ్గుగా అనిపించింది. ఎందుకో కొంత తేలిగ్గానూ అనిపించింది.

"మంగళారం నన్ను డాక్టర్ కాడికి తోల్కపో" అన్నాడు బాపు చీకటి పడిన కిటికీలోకి చూస్తూ.

"రేపే పోదాం. సెలవు పెడ్త."

"రేపు వద్దు. రేపు అలిసిపోయి ఉంటం."

ఎనిమిదింటికి జనగామ బస్టాండులో దిగాం. అక్కడి నుంచి మా ఇల్లు పది నిమిషాల నడక. విక్కీ నా భుజం మీద, అక్షర నా చేతిలో. గేటు దాటి రోడ్డు మీదికి రాగానే బాపు ఆగాడు. చుట్టూ దుకాణాల దీపాలు, ఆటోలు, జనం. అటూ ఇటూ చూసి, తల దించుకోకుండా, పక్కన నలుగురూ వింటుండగానే అడిగాడు.

"ఎటురా శ్రీనూ?"

"కుడి దిక్కు, బాపూ."

ఆయన సంచి భుజానికి ఎక్కించుకొని కుడివైపు తిరిగాడు. మేమూ ఆయనతో నడిచాం.