ఫ్రిజ్‌లో కాపురం పెట్టిన కంప్యూటర్

మా బావ నడకలో ఎంత నిదానమో, కంప్యూటర్ దగ్గర అంత తొందర. ఇంట్లోనే ముందుగదిలో కూర్చుని దుకాణాలకి ప్రకటనల వీడియోలు చేసిపెట్టేవాడు. తయారుచేసినవాళ్లు నిర్ణయించిన వేగంతో ప్రాసెసర్ నడిస్తే ఆయనకి చిన్నతనంగా ఉండేది. వోల్టేజి పెంచి, వేగం పెంచి, పరిగెత్తించేవాడు. అలా రెండు మాడిపోయాయి. మూడోది కొన్నరోజు అక్క తేల్చి చెప్పింది.

"ఇది కూడా కాలిందో, ఇక కంప్యూటర్ ఊసెత్తొద్దు. మా నాన్న సిమెంటు గోడౌన్‌లో బస్తాలు దింపించుకుంటూ కూర్చోవడమే."

బావ మొహం అప్పుడే సిమెంటు రంగుకి తిరిగింది.

కొన్నాళ్లు బుద్ధిగానే ఉన్నాడు. సెలవులకి నేను వాళ్లింట్లో ఉండగా, ఒకరోజు పరుపుల దుకాణం ప్రకటన సాయంత్రానికల్లా ఇవ్వాల్సి వచ్చింది. మామూలు వేగంతో అందేలా లేదు. పెంచాడు. తెరమీద వేడి చూపించే అంకె ఎర్రబడింది. కాసేపటికి వంటింట్లో గిన్నెల చప్పుడైతే, చదువుతున్న పుస్తకంతోనే వెళ్లి చూశాను. పాలు, గుడ్లు, టమాటాలు కుర్చీల మీద బారుగా ఆసీనులై ఉన్నాయి. ఫ్రిజ్‌లో కంప్యూటర్ పెట్టె. తలుపు సందులోంచి వైర్లు.

"ఇదేంటి బావా?"

"అరవకు పిల్లా, చల్లబడుతోంది."

"చెమ్మ పడితే బోర్డు పోదూ?"

"నీ కథల పుస్తకంలో రాశారా? ఆ తలుపు నొక్కిపట్టుకో ముందు."

ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో పుస్తకం. అక్క వచ్చి పాలేవంది.

"కుర్చీలో కూర్చున్నాయి," అన్నాడు బావ, చుట్టాలొచ్చినట్టు.

వీడియో పూర్తయింది. ఆ వెంటనే ఫ్రిజ్ ఓ మూలుగు మూలిగి ఆగిపోయింది. కాలిన వాసన. బావ పెట్టె బయటికి లాగి, నీటిబొట్లన్నీ తుడిచి, ఆరబెట్టి, మీట నొక్కాడు. కంప్యూటర్ హాయిగా వెలిగింది. మాడింది ఫ్రిజ్ మోటారు.

"ప్రాసెసర్ కాలలేదు," అన్నాడు మెల్లగా.

అక్క ఆయన్నీ, కుర్చీలో టమాటాల్నీ మార్చి మార్చి చూసింది.

"కాలలేదు. అన్న మాట మీదే ఉంటాను. గోడౌన్ తప్పింది నీకు."

కొత్త ఫ్రిజ్ మాత్రం తాళం ఉన్నది ఏరి మరీ కొంది. తాళంచెవి తనే దాచుకుంది. బావ ఆ తర్వాత ఎన్ని ప్రాసెసర్లని పరిగెత్తించినా అక్క అడగలేదు. కానీ చల్లటి నీళ్లు కావాలంటే, బతికినన్నాళ్లూ ఆయన ఫ్రిజ్ ముందు నిలబడి, రెండు చేతులూ ఖాళీ అని చూపించాల్సి వచ్చేది.