మా ఇంటి లాన్, మూడు ఊళ్ళ పరేషాన్

ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా, చీమకైనా హాని తలపెట్టకుండా, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్ళ మట్టినీ ఒకే ఒక్క వానాకాలంలో పాడుచేసిన ఘనత నాది. ఎలాగో చెబుతాను. మీరు నవ్వినా నేనేమీ అనుకోను. మా అత్తమ్మ ఐదేళ్ళుగా నవ్వుతూనే ఉంది.

అప్పుడే సూర్యాపేటలో కొత్త ఇల్లు కట్టుకున్నాం. ఇంటి ముందు ఐదారు మంచాలు వేసేంత జాగా మిగిలింది. మా ఆయన అక్కడ బండి పెట్టుకుందామన్నారు. నేను మాత్రం ఫోన్లో వీడియోలు చూసి చూసి, లాన్ లేని ఇల్లు గుండీలు లేని చొక్కా లాంటిదని తీర్మానించేశాను. ట్రాక్టరుతో చెరువుమట్టి పోయించాను. నేను బడికి వెళ్ళిన సమయంలో నర్సరీ అతను వచ్చి గడ్డి పిలకలు నాటి వెళ్ళాడు. సాయంత్రం ఫోన్ చేశాడు.

“మేడమ్, రోజూ నీళ్ళు పెట్టుండ్రి. మధ్యల కలుపు వస్తది, ఎప్పటికప్పుడు పీకెయ్యుండ్రి. రెండు నెలలల్ల చాప పరిచినట్టయితది.”

“కలుపును గుర్తుపట్టుడెట్ల?”

“అయ్యో మేడమ్, సూస్తెనే తెలుస్తది!”

ఈ ఒక్క ముక్కే నా కొంప ముంచింది. నేను లెక్కల టీచర్ని. చూస్తే తెలిసేవి నాకు త్రిభుజాలు మాత్రమే.

రెండు వారాలు తిరిగేసరికి నా లాన్లో రెండు రకాల గడ్డి కనిపించింది. ఒకటి సన్నగా, పాలిపోయి, జ్వరం నుంచి లేచినట్టు నేలకు అంటుకుని ఉంది. రెండోది ముదురాకుపచ్చగా, నిగనిగలాడుతూ, పెళ్ళికి ముస్తాబైనట్టు నిటారుగా నిలబడింది. ఇందులో కలుపేది, లాన్ ఏది? మీరే చెప్పండి. నేనూ అదే అనుకున్నాను. కొంగు బిగించి కూర్చుని, ఆ పాలిపోయిన దాన్నంతా ఒక్క పరక మిగలకుండా పీకి చెత్తబండిలో వేశాను.

ఇక మిగిలింది చూడాలి! ఆదివారం కత్తెరతో కత్తిరిస్తే మంగళవారానికల్లా మళ్ళీ చీలమండ దాకా వచ్చేది. మా ఆయనకు అనుమానమొచ్చింది.

“స్వరూపా, గిదేంది, గింత జల్ది పెరుగుతున్నది?”

“ప్రేమగ సూసుకుంటె గట్లనే పెరుగుతది,” అన్నాను.

ఆ ప్రేమ చాలదన్నట్టు గుప్పెళ్ళకొద్దీ యూరియా కూడా చల్లాను.

ఒకరోజు మా హెచ్చెమ్ పద్మావతి మేడమ్ ఇంటికి వచ్చారు. ఆమెది కోదాడ. అక్కడే ఇల్లు కట్టుకుని, ముందు జాగాలో ఏం వేయాలా అని చూస్తున్నారు. చేతిలో టీ కప్పు అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

“ఏం పచ్చదనం స్వరూపా! వానల్లేని ఈ ఎండకి మా మందారం కూడా తలవాల్చేసింది. ఏం పెట్టి పెంచుతున్నావు?”

“ప్రత్యేకంగా ఏం లేదు మేడమ్. కాస్త శ్రద్ధ, అంతే.”

ఆ శ్రద్ధ అన్న మాటను ఎంత వినయంగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. అంతటితో ఆగానా? కొంత గడ్డిని మట్టితో సహా పెకిలించి, మూడు సంచుల నిండా నింపి, తాళ్ళు కట్టి, ఆమె కారులో నా చేతులతో నేనే సర్దాను. ఆమె కళ్ళలో కృతజ్ఞత చూసి, ఈసారి బడి వార్షికోత్సవం పనులు నాకు తప్పినట్టేనని మురిసిపోయాను.

సరిగ్గా నెల తర్వాత మా అత్తమ్మ దిగింది. పేరు లచ్చమ్మ. పెన్‌పహాడ్‌లో నలభై ఏళ్ళు పొలం పని చేసిన మనిషి. నాట్లూ కలుపులూ అయ్యాక కొత్త ఇంటిని చూడటానికి వచ్చింది. గేటు తీసింది, ఒక అడుగు వేసింది, ఆగిపోయింది.

“పిల్లా, గిదేంది?”

“లాన్, అత్తమ్మా.”

ఆమె సంచి కింద పెట్టి కూర్చుని, వేలితో మట్టిని గెలికి ఒక మొక్కను మెల్లగా లాగింది. దాని వెంట సన్నటి దారం లాంటి వేరు, ఆ వేరుకు వరుసగా నల్లటి గడ్డలు, జపమాల వచ్చినట్టు వస్తూనే ఉన్నాయి.

“దీన్ని మా కాడ తుంగ అంటరు. దీన్ని పీకీ పీకీ నా నడుం ఇరిగింది. ఒక్క గడ్డ మిగిలినా మళ్ళ మడంత అయితది. నువ్వు దీనికి నీళ్ళు పోసినవా?”

“పోసిన.”

“ఇంకేం జేసినవ్?”

“యూరియా ఏసిన.”

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు.

“మరి నాటిన గడ్డేమైంది?”

“కలుపనుకొని పీకేసిన.”

అంతే, ఆమె మెట్ల మీద కూలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వంతా అయ్యాక అడిగింది. “ఇంకెవ్వలకన్న ఇచ్చినవా ఏంది?”

“మూడు సంచులు, మా హెచ్చెమ్ మేడమ్‌కు,” అన్నాను. ఆమె నవ్వు టక్కున ఆగిపోయింది.

మర్నాడు ఆదివారం. ఇద్దరం కోదాడ బస్సెక్కాం. దారి పొడవునా నేను క్షమాపణను మనసులో దిద్దుకుంటూనే ఉన్నాను. పద్మావతి మేడమ్ గేటు దగ్గరే ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నారు.

“రా స్వరూపా, నీ లాన్ చూద్దువుగాని! ఎంత బాగా పట్టిందో! ఒక సంచి మిర్యాలగూడలో మా చెల్లెలికి పంపించాను. ఇంకోటి అనంతగిరిలో మా బావగారికి. పొలం గట్ల మీద వేసుకుంటారని.”

పొలం అన్న మాట వినగానే అత్తమ్మ నా భుజం పట్టుకుంది. నేను దిద్దుకున్న క్షమాపణ మొదలుపెట్టేలోపే ఆమే చెప్పేసింది.

“ఏమనుకోకు బిడ్డా. మా పిల్ల నీకిచ్చింది లాన్ గాదు, తుంగ.”

మేడమ్ వంగి ఒక మొక్కను తెంపారు. కాడను వేళ్ళ మధ్య తిప్పి చూశారు. గడ్డి కాడలా గుండ్రంగా లేదు, తుంగ కాడలా మూడు పలకలు. నెమ్మదిగా గట్టు మీద కూర్చున్నారు. ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. హెచ్చెమ్ కాకముందు ఆమె ఇరవై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పారు. తుంగ బొమ్మ బోర్డు మీద వేసి, గడ్డలతో సహా భాగాలు గుర్తించిన చేతులవి.

సన్నగా అన్నారు. “బోర్డు మీద ఇంత పచ్చగా ఉండదు స్వరూపా.”

ముందు అనంతగిరికి ఫోన్ చేశాం. బావగారు పొడిపొడిగా పలికారు.

“సంచి విప్పగానే చూశానమ్మా. మూతి కట్టేసి పశువుల కొట్టం గోడకి ఆనించి పెట్టా. మీకు నామీద ఏం కోపమో అర్థంకాక నెలనుంచీ ఫోన్ చెయ్యలేదు.”

పొలం బతికింది. మేడమ్ ఆయనకు సంజాయిషీ చెప్పుకోవడానికి అరగంట పట్టింది. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు పోయాయో లెక్కల టీచర్నైనా నేను లెక్కపెట్టలేదు. కోదాడలో, మిర్యాలగూడలో, మా ఇంట్లో, అత్తమ్మ కుర్చీలో కూర్చుని, “గాడ ఇంకోటున్నది, ఇంకా లోపలికి తవ్వు” అని చూపిస్తుంటే, నేనూ మేడమూ పక్కపక్కన గొంతుక్కూర్చుని గడ్డలు ఏరాం. వార్షికోత్సవం పనులు కూడా ఆ ఏడాది నాకే పడ్డాయి.

చివరి గడ్డ ఏరిన రోజు మేడమ్ చేతుల మట్టి దులుపుకుంటూ నా చెవిలో అన్నారు. “ఈ సంగతి బళ్ళో ఎవ్వరికీ చెప్పకు.”

అందుకే మూడు ఊళ్ళ మట్టిమీద ప్రమాణం చేసి చెబుతున్నాను. అత్తమ్మ వచ్చి చూసేదాకా గడ్డిపరక కూడా నాటను, పీకను, పొరపాటున పెరిగినా ఎవరికీ కానుకగా ఇవ్వను. మేడమ్‌కిచ్చిన మాట కూడా తప్పలేదు. ఇవాళ్టిదాకా బళ్ళో ఒక్కరికీ చెప్పలేదు. రాయొద్దని మాత్రం ఆమె అనలేదు.