ముడి వెయ్యకూడని తాడు

నా చిన్నప్పుడు, గాలి కోసమే పడవెక్కే మనిషిని మా ఊళ్లో ఒక్కరినే చూశాను. మా ఇంటి ఎదురుగా కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ తాత ఆయన. పగిడ్యాల దాటాక, శ్రీశైలం డ్యాం వెనక నిలిచిన నీళ్ల ఒడ్డున ఉండేది మా ఊరు. ఆ నీళ్లు కొత్తగా వచ్చి మా పొలాల్లో సగం మింగేశాయి. పడవంటే మావాళ్లకు చేపలు, లేదంటే అవతలి ఒడ్డు. తాతకు ఆ రెండూ అక్కర్లేదు. యూరియా సంచులు విప్పి, నంద్యాల నుంచి తెప్పించిన గట్టి దారంతో తెరచాప కుట్టుకున్నాడు. శుక్రవారం నమాజు కాగానే పడవ తీసేవాడు. "యాడికి పోతాండావ్ తాతా?" అంటే, "యాడికీ లేదు బేటీ. పోతాండా, అంతే" అనేవాడు.

ఆయన్ని చూసి ఊళ్లోవాళ్లు దుప్పట్లూ పరదాలూ కట్టి తామూ తెరచాపలెత్తారు. ఆషాఢం గాలులు మొదలయ్యేసరికి మా ఊరికీ పక్క ఊరికీ పందెం కుదిరింది. మునిగిన పాత ఊరి మిట్ట ఒకటి నీళ్ల మధ్య మిగిలి ఉండేది. దాన్ని చుట్టి ముందుగా ఒడ్డు చేరిన పడవే గెలిచినట్టు. చుక్కాని తాతది. తెరచాప తాడు పట్టడానికి మా చిన్నమామ ఎక్కాడు. అడుగున చేరే నీళ్లు తోడిపోయడానికి నేను. నాకు పదకొండేళ్లు, ఈత రాదు.

మా మామకు చెయ్యి ముందు, మాట తర్వాత. పక్క ఊరి పడవ నడుపుతున్న మనిషే అంతకుముందు ఏడాది పొలం గట్టు తగాదాలో మామ తల పగలగొట్టాడు. మిట్ట దగ్గర మలుపులో రెండు పడవలూ ఒరుసుకున్నాయి.

"ఏంరా, తలకాయ అతుక్కున్యాదా?" అని అరిచాడతను.

మామ చేతిలోని తాడును అడ్డచెక్కకు బిగించి కట్టేశాడు. ఎద్దును గుంజకు కట్టే ముడి. రెండు చేతులా తెడ్డు ఎత్తి కొట్టాడు. మొదటి దెబ్బకే అతని భుజం విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అతను రెండో చేత్తో వెదురుగడ విసిరితే మామ చెవి చీలింది. నెత్తురు నా మొహం మీద పడింది.

"ముడి ఇప్పురా! గాలొస్తాంది!" అంటూ తాత చుక్కాని వదిలి తాడు మీదికి వంగాడు. మామ మళ్లీ తెడ్డు ఎత్తుతుంటే మోచెయ్యి వెళ్లి తాత మూతికి తగిలింది.

అప్పుడే గాలి కొట్టింది. వదులయ్యే దారి లేక తెరచాప పడవను పక్కకు పడదోసింది. నేను పడవ అంచు పట్టుకునే జారి, తల మునిగేదాకా నీళ్లలోకి వెళ్లాను. తడిసిన ముడి వేళ్లకు లొంగలేదు. తాత చితికిన నోటితోనే దాన్ని కొరికి లాగాడు. తాడు వదులైంది. తెరచాప టపటపా కొట్టుకుంది, పడవ లేచింది. అంచు వదలని నేనూ దాంతోపాటే దగ్గుతూ పైకి వచ్చాను.

తాత మామ చెంపలు రెండూ పగలగొట్టాడు. "గాలిని కట్టేస్తావా రా? పిల్ల సచ్చిపోయేది గదరా!" మామ చెయ్యి లేవలేదు. నా వైపు చూసి, నీళ్లు తోడే డబ్బా అందుకున్నాడు. భుజం విరిగినతను మూలుగుతుండగా అవతలి పడవ దూరంగా కొట్టుకుపోయింది.

తాత మళ్లీ చుక్కాని పట్టి, తాడు నా చేతికిచ్చాడు. "గుంజితే గుంజనీ బేటీ. నీకు మించితే ఇడ్సిపెట్టు. పడవ అదే లేస్తాది." తాడులోంచి గాలి నా భుజం దాకా పాకింది. పడవ ఉరికింది. ఇంజను లేదు, తెడ్డు లేదు, కింద నీళ్ల గలగల ఒక్కటే. ఒకసారి మించింది. వదిలాను. అరచెయ్యి కాలింది, ఒరిగిన పడవ తిన్నగా లేచింది. చెప్పడానికి సిగ్గేగానీ, మొహం మీద నెత్తురు ఆరకముందే నేను నవ్వుతున్నాను.

పందెం ఎవరు గెలిచారో ఎవరూ అడగలేదు. రెండూళ్ల పగ ఆరలేదు. మామ కూడా మారలేదు, ఆ తర్వాతా చాలామందిని కొట్టాడు.

ఆ కోపం నాకూ వచ్చింది. నా కొడుకు చిన్నవాడిగా ఉన్నప్పుడు ఒకరోజు పొయ్యి దగ్గరి కట్టె తీసుకుని వాడి మీదికి వెళ్లాను. వాడు గోడకు అతుక్కుపోయాడు. నా అరచేతిలో ఆ రోజు తాడు జారిన మంట లేచింది. వేళ్లు విప్పాను. కట్టె కింద పడిన చప్పుడు వాడికి ఇంకా గుర్తుందట. నాకు గుర్తున్నది మాత్రం, వదలగానే కాళ్ల కింద లేచిన ఆ పడవ.