ఆ గొంతు నాది కాదని రాసివ్వండి

ఈ సంగతి ఇంతవరకూ నన్ను ఎవరూ చివరిదాకా చెప్పనివ్వలేదు. తిరుపతిలోని సెల్‌ఫోన్ కంపెనీ ఆఫీసులో టోకెన్ ఇచ్చి కూర్చోబెట్టారు, నా వంతు వచ్చేసరికి భోజనానికి లేచారు. రిజిస్టరు పోస్టులో అర్జీలు పంపాను. అందినట్టు సంతకాలు పెట్టిన కార్డులు తిరిగొచ్చాయి, జవాబు రాలేదు. ఇంట్లో మొదలుపెడితే నా భార్య పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు లేచి వెళ్లిపోతుంది. అందుకని రాస్తున్నాను. కాగితం లేచి వెళ్లలేదు కదా.

మాది మేళం కుటుంబం. మా నాయన నాదస్వరం వాయించేవాడు, నేనూ అదే. పలమనేరు దగ్గర పల్లెలో ఒక పెద్ద రైతు ఇల్లుంది. ఆ ఇంట్లో పెళ్లంటే మా మేళమే వెళ్లాలి. ఎక్కడా రాసుకున్నది కాదు. ఆ ఇంటి పెద్దాయన పెళ్లికి మా నాయన వాయించాడు, ఆయన కొడుకుల పెళ్లిళ్లకు నేను వాయించాను. లగ్నం కుదరగానే, పత్రికలు అచ్చుకు పోకముందే, ఆ ఇంటి మనిషి వక్కాకు పళ్లెంతో బస్సెక్కి మా ఇంటికి వచ్చేవాడు. పళ్లెం అందుకుంటే మాట అయిపోయినట్టే. వస్తారా అని వాళ్లు అడగరు, ఎంతిస్తారని మేం అడగం.

నాకు ఈ జిల్లాలో అవమానాలు తక్కువేమీ జరగలేదు. పుత్తూరులో ఒక పెళ్లిలో మమ్మల్ని ఆఖరి పంక్తిలో కూర్చోబెట్టి ఒట్టి రసంతో సరిపెట్టారు. వడ్డించినవాడి ముఖం నాకింకా గుర్తుంది, బజారులో ఎదురైతే ఇప్పటికీ పలకరించను. కానీ ఆ పల్లెలో మాత్రం మాకు మొదటి పంక్తిలో ఆకు వేసేవారు. పెద్దాయన స్వయంగా వచ్చి, ఇంకో బూరె వేయించుకుంటే తప్ప కదిలేవాడు కాదు.

సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చాక నేనూ ఒకటి కొన్నాను. నెంబరు కార్డుల మీద అచ్చు వేయించాను, డోలు గలీబు మీద కుట్టించాను. పెద్దాయనకు ఒక కార్డు ఇస్తే కళ్లజోడు పెట్టుకొని అంకెలన్నీ పైకి చదివి, దాన్ని దేవుడి గూట్లో పెట్టాడు.

తరువాత మలేషియాలో ఒక గుడివాళ్లు ఆరు నెలలు వాయించడానికి పిలిచారు. వెళ్లేముందు చెప్పి రావడానికి పలమనేరు పోయాను. అప్పటికి పెద్ద మనవరాలికి సంబంధాలు చూస్తున్నారు.

"నువ్వు ఆడికి పోయినాక ఈడ పెండ్లి కుదిరితే ఎట్లబ్బా?" అన్నాడు పెద్దాయన.

"నేను యాడుండినా ఈ నెంబరు మోగతాది సామీ. ఒక్క ఫోను కొట్టండి, విమానమెక్కి వచ్చేస్తా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ అన్నాను, అదీ నలుగురు వింటుండగా.

అన్నాక దాన్ని నిలబెట్టుకునే దారి వెతకాలి. కంపెనీ ఆఫీసుకు పోయాను. నాది ముందే డబ్బు కట్టే ప్రీపెయిడ్ కనెక్షన్. దాన్ని విదేశంలో వాడాలంటే బిల్లు కనెక్షన్‌కు మారాలి, పెద్ద మొత్తంలో డిపాజిట్ కట్టాలి అంది కౌంటర్‌లోని అమ్మాయి. ఆపైన అక్కడ ఫోను నేను చేసినా నాకే ఖర్చు, ఎవరైనా నాకు చేస్తే ఎత్తినందుకూ నాకే ఖర్చు. మనవైపు మనిషి ఫోను చేస్తే ఏం కూర చేసుకున్నారు, వానలు పడ్డాయా అన్నీ అడిగి ఆఖరున కదా అసలు మాటకొస్తాడు. ఆ లెక్కన ఆరు నెలలు వాయించిన డబ్బంతా నా చెవిలోనే పోతుంది. నేను లేవబోతుంటే ఆ అమ్మాయే చెప్పింది, సిమ్ము ఇక్కడే ఎవరికైనా ఇచ్చిపోండి, అక్కడ ఆ దేశపు సిమ్ము కొనుక్కోండి, అందరూ అట్లాగే చేస్తారు అని. ఇప్పుడు అడిగితే, మా కౌంటర్‌లో అలాంటి సలహాలు ఇవ్వం అంటున్నారు. ఆమె పచ్చ చుడీదారు వేసుకొని ఉంది. అంత గుర్తున్నవాణ్ని సలహా మర్చిపోతానా?

సిమ్మును ఫోనుతో సహా మా బామ్మర్దికి ఇచ్చాను. పుత్తూరులో అతనికి టైలరు కొట్టు. పగలంతా ఒకే చోట కూర్చునే మనిషి, ఫోను ఎత్తడానికి అతనికంటే తగినవాళ్లు ఎవరున్నారు? పెద్దాయన ఫోను చేస్తే, బావ వస్తాడు సామీ అని చెప్పాలి. వెంటనే పక్కనున్న ఎస్టీడీ బూతు నుంచి నా మలేషియా నెంబరుకు చేసి, ఒకసారి మోగగానే పెట్టేయాలి. మిస్డ్ కాలుకు పైసా పడదు. అది చూసి నేను అక్కడ కార్డు కొని తిరిగి చేస్తాను. ఇంత పకడ్బందీగా చెప్పి, నెలనెలా రీఛార్జి చేయించమని డబ్బు కూడా చేతిలో పెట్టాను.

"నువ్వు ఆడ సన్నాయి ఊదుకో బావా. ఈడ నీ పేరు నేను ఊదతా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మలేషియాలో కొన్న ఫోనును పంచె మడతలోనే పెట్టుకునేవాణ్ని. వాయించేటప్పుడు శబ్దం ఆపేసి వణుకు మాత్రం ఉంచేవాణ్ని. తోడిరాగం మధ్యలో నడుము దగ్గర ఏదో కదిలినట్టయి రెండుసార్లు శ్రుతి తప్పాను. చూస్తే ఏమీ లేదు. వారం విడిచి వారం కార్డు కొని బామ్మర్దికి అతని సొంత ఫోనుకు చేసేవాణ్ని. ఆ కార్డులో సగం నిమిషాలు, ఈ నెంబరు నొక్కండి ఆ నెంబరు నొక్కండి అనే గొంతే తినేసేది. మిగిలిన దాంట్లో అతను ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు, నీకు ఒక్క ఫోను కూడా రాలా బావా అని.

మొదట నమ్మలేదు. తరువాత నమ్మాను, ఆపైన కోపం వచ్చింది. మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది, చిత్తూరు జిల్లా మొత్తంలో ఒక్కరికీ నా మేళం గుర్తు రాలేదా? సముద్రం దాటగానే మనిషిని ఇంతగా మరిచిపోతారా? ఎవరెవరు ఫోను చేయలేదో మనసులో జాబితా రాసుకున్నాను. ఆ జాబితాలో పెద్దాయనను మొదట పెట్టాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

తిరిగొచ్చిన మరునాడు బజారులోని బూతులో నా నెంబరు నేనే నొక్కాను. ఎవరో ఎత్తారు. బామ్మర్ది గొంతు కాదు.

"మేళమా?" అన్నాడు అవతలివాడు, నేను నోరు తెరవకముందే.

ఆయన తమిళనాడు సరిహద్దులోని తడ అనే ఊళ్లో ఉంటాడు, లారీలున్నాయి. నెలా రెండు నెలల కింద కొత్త సిమ్ము కొంటే ఈ నెంబరు ఇచ్చారట. కొన్న రోజునుంచీ మేళం కావాలి, డోలు కావాలి, ముహూర్తం ఫలానా అని ఒకటే ఫోన్లట. చెక్‌పోస్టులో లారీ ఆగి ఉంటే ఎవరో చేసి, మీకు రెండు సన్నాయిలా ఒకటేనా అని అడిగారట. చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఆఖరికి అందరినీ తిట్టడం మొదలుపెట్టానని ఆయనే ఒప్పుకున్నాడు. పలమనేరు నుంచి ఒక పెద్దవయసాయన చేశాడా అని అడిగాను. "నేను తిట్టినోళ్లకి పద్దు రాసుకోలేదప్పా" అని పెట్టేశాడు.

పుత్తూరు పోయాను. బామ్మర్ది మిషను తొక్కడం ఆపకుండానే చెప్పాడు. రీఛార్జి కార్డు కొంటే కొంత కోసుకుంటున్నారు, టాపప్ కార్డు కొంటే ఇచ్చిన డబ్బుకంతా మాట్లాడుకోవచ్చని పండగ ఆఫరు పెట్టారట. బావ డబ్బు దండగ చేయకూడదని నెలనెలా టాపప్పే వేయించాడు. రీఛార్జి వేస్తే కనెక్షన్ గడువు పెరుగుతుంది, టాపప్ వేస్తే మాట్లాడే డబ్బు పెరుగుతుందిగానీ గడువు పెరగదు. ఈ తేడా అతనికి తెలియదు, అమ్మినవాడూ చెప్పలేదు. గడువు దాటిపోయింది. నెంబరు తెగింది. తెగిన నెంబరును కొన్నాళ్లయినా ఆరనివ్వకుండా వేరేవాడికి అమ్మేశారు. ఫోనులో గీతలు కనపడకపోతే కొండ అడ్డమేమో, సిగ్నలు లేదులే అనుకున్నాడట.

"అందులో డబ్బులు భద్రంగా ఉండాయి బావా, ఒక్క పైసా వాడలా" అన్నాడు. అతని మీద అరవడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది.

నేను లేనప్పుడు ఇక్కడే ఉన్న మా డోలాయన అప్పటికే చెప్పాడు, పెద్దాయన మనవరాలి పెళ్లి అయిపోయిందని, తమిళనాడు వైపు మేళం వాయించిందని. ఆ సాయంత్రమే పలమనేరు బస్సెక్కాను.

పెద్దాయన నన్ను చూసి కూర్చోమనలేదు. ఆ ఇంటి అరుగు మీద నేను నిలబడి మాట్లాడడం అదే మొదటిసారి.

"మా ఇంట్లో పెండ్లని చెప్పల్లని నేనే ఫోను చేసినా. మేళమూ లేదు గీళమూ లేదు, పెట్టు ముసలోడా అంటివి" అన్నాడు. గొంతు పెంచలేదు.

"అది నేను గాదు సామీ."

"ఆ నెంబరు నీది గాదా?"

"నాదే సామీ. కానీ అప్పటికి నాది గాదు."

"నీదే, కానీ నీది గాదు. అప్పుడు నీది గాదు, కార్డు మింద మాత్రం నీదే. ఏందబ్బా ఇది?"

టాపప్ సంగతి చెప్పాను, తడ సంగతి చెప్పాను. ఎంత చెప్తే అంత అబద్ధంలా వినిపించింది, నాకే. పాస్‌పోర్టు తీసి ముద్రలు చూపించాను, ఆ రోజు నేను దేశంలోనే లేనని.

"నువ్వు ఆడుండావని నాకు తెలీదా? యాడుండినా మోగతాది అంటివే. మోగింది. ఆడ్నుంచే అంటివి."

పోనీ ఇప్పుడే ఆ నెంబరుకు చేసి, ఎవరు ఎత్తుతారో వినమన్నాను. ఒకసారి అనిపించుకున్నది చాలన్నాడు. అరుగు దిగి బూతుకు పోయి నేనే చేశాను. ఈ నెంబరు వాడుకలో లేదని ఒక ఆడగొంతు చెప్పింది. తడ ఆయన మా పెళ్లిళ్ల బాధ పడలేక ఆ సిమ్మును పారేసినట్టున్నాడు.

తిరిగొచ్చేసరికి పెద్దాయన కొంచెం మెత్తబడి ఉన్నాడు. "మీ నాయన మొగం జూసి ఒక మాట చెప్తా. ఆ కంపెనీవాళ్ల చేత రాయించుకోని రా. ఫలానా దినం ఆ నెంబరు వీనిది గాదు అని. చదువుకుంటా. నిజమైతే మళ్లా వక్కాకు పంపిస్తా."

న్యాయమైన మాట. ఒక్క కాగితం, దాని మీద రెండు వాక్యాలు.

కంపెనీ ఆఫీసులో ఈసారి కౌంటర్లో ఒక అబ్బాయి ఉన్నాడు. నెంబరు కొట్టి చూసి, ఇది మీ పేరు మీద లేదు సార్ అన్నాడు. అదే రాసివ్వమన్నాను. మీ పేరు మీద లేని నెంబరు వివరాలు మీకు ఇవ్వకూడదన్నాడు. నా పేరు మీద ఎప్పటినుంచి లేకుండా పోయిందో అది మాత్రం రాయమన్నాను. ఆ వివరం కావాలంటే కస్టమర్ స్వయంగా అర్జీ పెట్టుకోవాలి అన్నాడు. నేనే కదా కస్టమర్ అంటే, ఇప్పుడు కాదు కదా సార్ అన్నాడు. అబ్బాయి మర్యాదస్థుడే, మంచినీళ్లు కూడా ఇచ్చాడు. నెంబరు కొన్నప్పుడు ఇచ్చిన ఫారం నకలు, నా ఫోటోతో సహా, అతని ముందు పెట్టాను. దాన్ని ఒక ఫైలులో పెట్టుకొని, పైవాళ్లకు పంపుతాం అన్నాడు.

ఆ పైవాళ్లు ఎవరో, ఏ ఊళ్లో ఉంటారో నాకు తెలియదు. ఏళ్లు గడిచాయి. ఆ ఇంట్లో మరో రెండు పెళ్లిళ్లు అయ్యాయి. రెంటికీ తమిళనాడు మేళమే. రెండోదానికి దూరంగా రోడ్డు మీద నిలబడి విన్నాను. బాగానే వాయించారు, కాదనను. ఆఖరి మనవరాలికి ఇప్పుడు సంబంధం కుదిరిందని విన్నాను. పెద్దాయనకు ఎనభై దాటాయి, చెవులు దాదాపు వినపడవట. నేను వాయించినా ఆయనకు వినపడదేమో. కళ్లు మాత్రం బాగున్నాయి, కళ్లజోడు పెట్టుకొని పేపరు మొత్తం చదువుతాడట.

నాకు ఆ నెంబరు అక్కర్లేదు, దాంట్లో మిగిలిన డబ్బూ అక్కర్లేదు. ఈ కాగితం ఆ పైవాళ్ల దాకా చేరితే, లగ్నపత్రిక రాసేలోగా ఆ రెండు వాక్యాలు రాసి పంపండి. రాయలేమంటే, ఎందుకు రాయలేరో అదైనా ఒక కాగితం మీద రాసి, కింద ఎవరో ఒకరు సంతకం పెట్టండి.