పెట్టె మీది పేరు

ఫ్రిజ్‌లోంచి తీసిన ఇంజెక్షన్ మందు సీసా అరచేతికి చల్లగా తగిలినప్పుడల్లా మెహరున్నీసా అక్క గుర్తొస్తుంది. సిద్దిపేటలో నేను కొత్తగా నర్సుగా చేరిన ప్రైవేటు దవాఖానలో ఆమె హెడ్ నర్సు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. మా గేటు ఎదుటే దీక్షా శిబిరం. మా మేనేజరు రోజూ పొద్దున అక్కడ గంటసేపు కూర్చుని వచ్చేవాడు.

అక్కన్నపేట నుంచి లక్ష్మి అనే రైతు వచ్చేది. ఒంట్లోని రక్షణశక్తే ఎదురుతిరిగి రక్తనాళాలను వాపెక్కించే జబ్బు ఆమెది. అసలు మందు కొనే స్తోమత లేక, దానిలాగే తయారుచేసిన చౌక మందు, బయోసిమిలర్, ఎక్కించుకునేది. రెండుసార్లు ఏ ఇబ్బందీ రాలేదు. మూడోసారి వేరే కంపెనీ పెట్టె వచ్చింది. డ్రిప్ మొదలైన కాసేపటికే లక్ష్మికి వణుకు పుట్టింది, ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడలేదు. నేను కొయ్యబారిపోయాను. అక్క వెంటనే డ్రిప్ ఆపి డాక్టరును పిలిచింది. ఆయన చెప్పిన ఇంజెక్షన్లన్నీ ఇచ్చి, లక్ష్మి తేరుకునేదాకా మంచం దగ్గరనుంచి కదల్లేదు.

మేనేజరు కేసు షీటులో జ్వరమని రాస్తే చాలన్నాడు. రెండు కంపెనీల మందులూ ఒకటేనని, మందు పేరు బయటికొస్తే దవాఖానకు మచ్చ అని నచ్చజెప్పబోయాడు.

"ఒక్కటే అయితే పేరు రాసేందుకు భయమెందుకు సార్?" అంది అక్క. "మందు చెడ్డదని నేనంటలేను. గరీబోళ్లకు గదే దిక్కు. కానీ ఏ మందుకు ఏమైందో రాయకుంటే రేపు ఇంకొకామెకు ఎట్ల తెలుస్తది? పొద్దుగాల టెంటుల కూసోని మన మాట వినాలె అంటరు. గీడ పేషెంటు మాట ఎందుకు వినరు?"

ఆయన ముఖం మాడిపోయింది. అక్క మందు పేరు, బ్యాచ్ నంబరు, వణుకు మొదలైన సమయం కేసు షీటులో రాసింది. మందు వికటించిందని హైదరాబాదులోని మందుల నిఘా కేంద్రానికి పంపాల్సిన రిపోర్టు మీద డాక్టరు చేత సంతకం చేయించింది. ఆ రోజు రాస్తారోకో, ఆటోలు లేవు. పోస్టాఫీసుకు ఇద్దరం నడిచి వెళ్లాం. ఉద్యోగం పోతుందేమోనని భయంగా ఉందన్నాను. "భయపడు. భయపడుకుంటనే రాయి," అంది.

నెల తిరక్కముందే అక్కను ఉద్యోగం మానిపించారు. ఆమె ఎవరినీ బతిమాలలేదు.

ఆ తర్వాత లక్ష్మి మళ్లీ వచ్చింది. డాక్టరు పాత కంపెనీ మందే రాశారు. నేను పెట్టె తిప్పి చూశాను. మళ్లీ ఆ కొత్త కంపెనీదే. మేనేజరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"గిది ఏ మందు బిడ్డా?" అని లక్ష్మి అడిగింది.

"పోయినసారి నీకు పడనిదే, అమ్మా," అన్నాను. పెట్టెను మేనేజరు చేతిలో పెట్టి, డాక్టరు రాసిన మందు వచ్చేదాకా డ్రిప్ పెట్టనన్నాను. మధ్యాహ్నానికి ఆ మందు వచ్చింది. నా ఉద్యోగం పోలేదు. పోయినా అదే చెప్పేదాన్ని. అక్క నాకు నేర్పిన ఆ మొండితనం ఇప్పటికీ నన్ను వదల్లేదు.