తడిగుడ్డ

ఆ ఇంటి మామ్మకు పాత హీటరంటే గుండెదడ. అయినా మనవడికి చలేస్తుందని రోజూ సాయంత్రం తనే వేస్తుంది. రబ్బరు చెప్పులు తొడుక్కుని, కళ్లు గట్టిగా మూసుకుని స్విచ్ నొక్కుతుంది. ఇక మాటిమాటికీ దాని వైరును చేతి వెనకవైపుతో తాకి చూస్తుంది, పసివాడి నుదురు చూసినట్టు.

ఆ సాయంత్రం వైరు కాలిపోతోంది. కమురు వాసనకు కోడలు వంటింట్లోంచి పరుగున వచ్చేసరికి, అత్తగారు ఒట్టి కాళ్లతో వంగి, నీళ్లోడుతున్న గుడ్డను వైరు మీద వేయబోతోంది.

"అత్తయ్యా, ముట్టుకోకండి!"

కోడలు మెయిన్ ఆపేసింది. ఇల్లంతా చీకటి. నేల మీద నీటిచుక్కల చప్పుడు.

"అత్తయ్యా?"

కోడలు చీకట్లో తడుముకుంటూ ముందుకు కదిలింది.

"అత్తయ్యా!"

"ఎందుకే ఆ కేకలు?" చిన్నబుచ్చుకున్న గొంతు. "నీ కొడుక్కి జ్వరమొస్తే ఇలాగే కదా వేస్తాను."